మీ ఫుట్‌బాల్ క్లబ్ బ్యాడ్జి మారుస్తున్నారా? పాత గుర్తు చెడకుండా కొత్తది గీయడం ఎలా

క్లబ్ బ్యాడ్జి మార్చాలన్న మాట ఎక్కువగా జెర్సీలు కుట్టించే రోజుల్లోనే వస్తుంది. టోర్నమెంటు వారం పది రోజుల్లో ఉంటుంది. దుకాణం వాళ్లు లోగో పంపమంటారు. అసలు ఫైలు ఎవరి దగ్గరా ఉండదు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన మసక బొమ్మ ఒకటి వెతికి పంపుతారు. అది కుట్టు మిషన్ మీదికి వెళ్లి వచ్చేసరికి బ్యాడ్జిలోని కోట బురుజో మరో బొమ్మో ముద్దయిపోతుంది, పేరు చదవరాకుండా పోతుంది. "ఇక లాభం లేదు, కొత్తది గీయించేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చిన సీజన్లో మాత్రం గీయించకండి. ఈసారికి పాతదాన్నే వీలైనంత శుభ్రంగా వేయించుకోండి. వచ్చే సీజనుకు మూడు నాలుగు నెలల ముందు పని మొదలుపెట్టండి. అందులో సగం రోజులు పాతదాన్ని తెలుసుకోవడానికే పోతాయి, పోవాలి కూడా.

అసలు మార్చాలా?

ఓ కాగితం మీద ఇప్పటి బ్యాడ్జితో ఉన్న ఇబ్బందులన్నీ రాయండి. "చిన్నగా వేస్తే అక్షరాలు కనపడవు", "కుట్టులో ముద్దవుతోంది", "ఒక్కో జెర్సీ మీద ఒక్కో నీలం", "ఫైలు లేదు" లాంటివి వస్తాయి. ఇవన్నీ అదే బ్యాడ్జిని శుభ్రంగా మళ్లీ గీస్తే తీరిపోయేవి. "పాతగా ఉంది" అని కూడా ఎవరో రాస్తారు. దాన్ని పక్కన పెట్టండి. బ్యాడ్జి పాతగా ఉండటం లోపం కాదు.

మార్పు మూడు మెట్లుగా ఉంటుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు తిరగగీయడం మొదటిది. అంగాలు అవే ఉంచి కొలతలు, గీతలు, అక్షరాలు సవరించడం రెండోది. మొత్తం తీసేసి కొత్తది పెట్టడం మూడోది. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు జిల్లాల క్లబ్బుల్లో పదింట తొమ్మిదింటికి మొదటి రెండు మెట్లు చాలని మా అభిప్రాయం. క్లబ్బులు విలీనమైనా, పేరే మారినా తప్ప మూడో మెట్టు ఎక్కొద్దు. విలీనంలో కూడా అవసరం రాకపోవచ్చు. 2020లో కోల్‌కతాలోనే ఉన్న ఏటీకే క్లబ్బుతో కలిసినప్పుడు మోహన్ బగాన్ తన తెరచాప పడవనూ, ఆకుపచ్చ మెరూన్ రంగులనూ వదల్లేదు. పేరు ముందుకూ వెనక్కూ మారింది గానీ పడవ ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంగ్లండులో లీడ్స్ యునైటెడ్ 2018 జనవరిలో గుండె మీద పిడికిలి పెట్టుకున్న మనిషి బొమ్మతో కొత్త బ్యాడ్జి విడుదల చేసింది. ఆరు నెలలు పరిశోధించామని, 10 వేల మందిని సంప్రదించామని చెప్పింది. ఒక్క రోజులోనే 50 వేలకు పైగా సంతకాలు దానికి వ్యతిరేకంగా పడ్డాయి, క్లబ్ వెనక్కి తగ్గింది. కార్డిఫ్ సిటీ 2012లో నీలం జెర్సీని ఎరుపు చేసి, బ్యాడ్జిలో నీలిపిట్టను కిందికి నెట్టి డ్రాగన్‌ను పెద్దది చేసింది. 2015లో మళ్లీ నీలానికే వచ్చింది. ఇంత డబ్బు, ఇంతమంది డిజైనర్లు ఉన్నచోటే ఇలా జరిగిందంటే తొందరపడటం ఎంత ఖరీదో తెలుస్తుంది.

పాతవన్నీ పోగేయండి

మన క్లబ్బులకు మ్యూజియంలు ఉండవు. పాత బ్యాడ్జి ఉండేది ఎప్పుడో ఆడి మానేసిన గోల్‌కీపరు ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టిన జెర్సీ మీద. కాబట్టి ఇళ్లకు వెళ్లాలి. జెర్సీలు, జట్టు ఫోటోలు, సర్టిఫికెట్లు, షీల్డులు, కప్పుల మీది చెక్కడాలు, లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు, రబ్బరు స్టాంపు, మైదానం గోడ మీద పెయింటరు రాసిన బోర్డు, అన్నీ చూడండి. కాగితాలను 600 డీపీఐలో స్కాన్ చేయండి. జెర్సీలను పరిచి, నీడపట్టున, పక్కన స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయండి. వస్తువు ఎవరిదో, ఏ ఏడాదిదని చెప్పారో అప్పుడే రాసుకోండి. వస్తువును మాత్రం ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేయండి.

చెప్పిన ఏడాదిని అలాగే నమ్మకుండా ఆనవాళ్లతో సరిచూసుకోండి. లెటర్‌హెడ్ మీద పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎందుకంటే పిన్ పద్ధతి ఆ రోజే వచ్చింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు కాగితాల్లో విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలోనూ, బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనూ కనిపిస్తాయి. పార్వతీపురం మన్యం జిల్లా అని ఉంటే అది 2022 ఏప్రిల్ తర్వాతి కాగితం.

బ్యాడ్జిలో ఉన్న బంతి కూడా తేదీ చెబుతుంది. నల్ల ఐదుభుజాలు, తెల్ల ఆరుభుజాలు ఉన్న బంతి జనం కళ్లకు అలవాటైంది 1970 ప్రపంచ కప్‌లో వాడిన టెల్‌స్టార్‌తో. అంతకుముందువి పొడుగాటి తోలు పట్టీలు కలిపి కుట్టిన గోధుమరంగు బంతులు, వాటిలో చాలావాటికి మధ్యలో తాడుతో బిగించిన చీలిక ఉండేది. "ఇది 1950ల బ్యాడ్జి" అని తెచ్చిచ్చిన దాంట్లో నలుపు తెలుపు బంతి ఉంటే, దాన్ని ఎవరో తర్వాత తిరగగీశారన్నమాట. అసలుది ఇంకెక్కడో ఉంది, వెతకండి.

రంగు విషయంలో ఓ కిటుకు. జెర్సీ పైభాగం ఎండకూ సబ్బుకూ వెలిసిపోయి ఉంటుంది, దాన్ని చూసి రంగు తీసుకుంటే మీ ముదురు ఎరుపు కాస్తా ఇటుకరంగు అవుతుంది. అంచు మడతను రెండు కుట్లు విప్పి లోపల చూడండి, లేదా బ్యాడ్జి ఒక మూల కాస్త ఎత్తి దాని కింద గుడ్డ చూడండి. మొదట అద్దిన రంగుకు బాగా దగ్గరది అక్కడ దొరుకుతుంది. విప్పే ముందు జెర్సీ యజమానిని అడగండి.

చూడకుండా గీయమనండి

ఈ పనికి ఖర్చు లేదు, చాలామంది చేయరు, కానీ మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. ముప్పై మందిని ఎంచుకోండి: పదిమంది పాత ఆటగాళ్లు, పదిమంది ఇప్పుడు ఆడుతున్నవాళ్లు, పదిమంది చూసేవాళ్లు. మైదానం గేటు దగ్గర టీ కొట్టు ఆయన, పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు కూడా వీళ్లలో ఉండాలి. ఒక్కొక్కరికీ తెల్లకాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి, ఫోను పక్కన పెట్టించి, మూడు నిమిషాల్లో క్లబ్ బ్యాడ్జిని గుర్తున్నంత వరకు గీయమనండి. కాగితం మీద ముందే గుండ్రం గీసి ఇవ్వకండి. ఆకారం గుర్తుందో లేదో కూడా తెలియాలి కదా. పక్కవాళ్లది చూసి గీయకుండా విడివిడిగా కూర్చోబెట్టండి.

తర్వాత లెక్కపెట్టండి. బయటి ఆకారం ఎంతమంది సరిగ్గా గీశారు, బొమ్మ ఏది, అది ఎటు తిరిగి ఉంది, రంగులు ఏవి, ఏ మాట రాశారు. ఇరవై మందికి పైగా గీసినదాన్ని ముట్టుకోకూడదు. ఎనిమిది నుంచి ఇరవై మంది గీసినది ఉండాలి గానీ రూపం మార్చుకోవచ్చు. అంతకంటే తక్కువైతే తీసేయొచ్చు, అయితే తీసే ముందు పెద్దవాళ్లను పిలిచి దాని వెనక కథేమిటో అడగాలి. ఎప్పుడో పోయిన ఆటగాడి గుర్తుగా పెట్టిన చిన్న నక్షత్రాన్ని ముప్పై మందిలో ఇద్దరే గీయొచ్చు. దాన్ని తీసేస్తే ఆ ఇద్దరూ మళ్లీ మైదానానికి రాకపోవచ్చు.

"ఏది బాగుంది?" అని అడిగితే అభిరుచి వస్తుంది. "గుర్తున్నది గీయండి" అంటే జనం మనసులో నిలిచినది బయటికొస్తుంది. మీరు కాపాడాల్సింది అదే.

ఉదాహరణకు విజయనగరం క్లబ్ ఒకదాని బ్యాడ్జిలో ఇవి ఉన్నాయనుకోండి: గుండ్రటి పట్టీ, మధ్యలో కోట బురుజు, దాని మీద బంతి, రెండు పక్కలా జెండాలు, కింద రిబ్బన్ మీద సంవత్సరం, చుట్టూ వరికంకులు. గీయించి చూస్తే గుండ్రం, బురుజు, మెరూన్ రంగు దాదాపు అందరి కాగితాల్లో వస్తాయి. బంతి సగం మందికి వస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కోచోట. జెండాలు, కంకులు నలుగురైదుగురికి మించి రావు. ఇక కొత్త బ్యాడ్జి దారి తేలిపోయినట్టే. బురుజు పెద్దదవుతుంది, బంతి బురుజు ద్వారంలోకో కిందికో సర్దుకుంటుంది, జెండాలు, కంకులు పోతాయి.

సంవత్సరం సంగతి వేరు. కాగితం ఆధారం లేకుండా బ్యాడ్జి మీద ఏడాది వేయకండి. జట్టు ఆడటం మొదలుపెట్టిన ఏడాది, సొసైటీగా రిజిస్టరైన ఏడాది చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. ఏది వేస్తున్నారో తీర్మానంలో రాసుకోండి, లేకపోతే ప్రతి వార్షికోత్సవానికీ అదే తగవు.

ఊరి గుర్తులు కొత్తగా పెట్టాలనుకుంటే

పాతదాంట్లో లేని గుర్తును చేర్చేముందు పదిసార్లు ఆలోచించండి. చేర్చక తప్పదంటే ఒకటే చేర్చండి. విజయనగరానికి 1713 నాటి కోట, గంటస్తంభం ఉన్నాయి. శ్రీకాకుళానికి నాగావళి, అరసవల్లి సూర్యుడు, కళింగపట్నం దీపస్తంభం. టెక్కలి వైపు క్లబ్బయితే తేలినీలాపురం పక్షులు. పక్షిని గీసేటప్పుడు ఏ పక్షో తేల్చుకోండి. అక్కడికి గూడబాతులూ వస్తాయి, ఎర్రకాళ్ల కొంగలూ వస్తాయి. గూడబాతుకు ముక్కు కింద సంచి ఉంటుంది. కొంగకు పసుపుపచ్చ ముక్కు కొసన కాస్త కిందికి వంగి, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో కొంగ బొమ్మ తగిలిస్తే ఆ ఊరి పిల్లలే తప్పు పట్టేస్తారు.

దేవుడి రూపాన్ని జెర్సీ మీద పెట్టొద్దని మా గట్టి సలహా. అది చెమటలో తడుస్తుంది, బురదలో పడుతుంది, డ్రెస్సింగ్ రూములో కాళ్ల కింద పడుంటుంది. అరసవల్లి అనుకుంటే విగ్రహం కాకుండా ఉదయించే సూర్యబింబం, కిరణాలు చాలు. పైడితల్లి అమ్మవారి సిరిమాను (జాతరలో పైకి లేపే పొడవాటి మాను) గుర్తుగా ఉండాలంటే వాలుగా పైకి లేచే ఒక గీత సరిపోతుంది, చూసినవాళ్లు పోల్చుకుంటారు. బొబ్బిలి క్లబ్బుకు వీణ ఎంతో అందం. కత్తులు మాత్రం వద్దు. 1757 బొబ్బిలి యుద్ధం గురించి రెండు ఊళ్లలోనూ ఇప్పటికీ చెప్పుకుంటారు, విజయనగరంతో మ్యాచ్ పడిన రోజు అది మైదానంలోకి రాకూడదు. అలాగే రంగుల కలయిక ఏ పార్టీ జెండానో తలపించకుండా చూసుకోండి. ఏనాటి నుంచో మీవే అయిన రంగులైతే ఎవరేమన్నా ఉంచుకోండి, కొత్తగా తెచ్చుకోవద్దు.

మూడు సింహాల చిహ్నం, అశోక చక్రం జోలికి వెళ్లొద్దు. 1950 నాటి చట్టం, 2005 నాటి చట్టం వాటి వాడకాన్ని కట్టడి చేస్తాయి. ఇరవైనాలుగు ఆకుల చక్రం గీసి "ఇది మామూలు చక్రమే" అంటే కుదరదు.

గీయడం

ముందు పెన్సిలుతో, తర్వాత నలుపు ఒక్కటే. నలుపు తెలుపులో నిలబడని బ్యాడ్జి రంగుల్లో నిలబడినట్టు కనిపిస్తుందే గానీ నిలబడదు. జిరాక్స్ తీయించండి: ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే రెండూ ఒకే బూడిదరంగు అయి కలిసిపోతాయి. వాటి మధ్య తెలుపో పసుపో గీత ఉండాలి. ముదురు మీద ముదురు, లేత మీద లేత వేయకూడదన్నది కవచాల మీద గుర్తులు గీసిన కాలం నుంచీ ఉన్న నియమం, దూరం నుంచి కనపడాలన్నదే దాని కారణం.

వాట్సాప్ బొమ్మను కోరెల్‌డ్రాలో వేసి ఆటో ట్రేస్ (బొమ్మను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చడం) కొట్టించకండి. నాలుగు బిందువులతో అయిపోవాల్సిన గుండ్రం మూడు వందల బిందువులతో వస్తుంది. తెర మీద బాగానే ఉంటుంది. కుట్టు మిషన్‌కు వెళితే అంచంతా కొరికినట్టు వస్తుంది. స్కాన్‌ను అడుగున పెట్టి, పైన ప్రతి గీతా చేత్తో మళ్లీ గీయాలి.

బంతి గీసేటప్పుడు ఎదురుగా ఒక నల్ల ఐదుభుజం, దాని చుట్టూ ఐదు తెల్ల ఆరుభుజాలు, అంచుల్లో మిగతా ఐదుభుజాల ముక్కలు రావాలి. చాలామంది అన్నీ ఆరుభుజాలే గీసేస్తారు, తేనెపట్టులా ఉంటుంది, అలాంటి బంతి అసలు తయారవదు. బంతి 15 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే అంచుల ముక్కలు వదిలేసి, మధ్య ఐదుభుజం, దాని మూలల నుంచి ఐదు గీతలు చాలు.

తెలుగు అక్షరాలు

పేరు తెలుగులో ఉండాలనుకుంటే సంతోషం. కానీ ఇంగ్లీషు అక్షరాలకు గీసిన పట్టీలోనే తెలుగు ఇరికిస్తే చెడిపోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు పైనా కిందా ఏమీ ఉండదు. తెలుగుకు పైన గుడి, తలకట్టు, కింద వత్తు ఉంటాయి. 75 మిల్లీమీటర్ల బ్యాడ్జిలో ఇంగ్లీషుకు 10 మిల్లీమీటర్ల పట్టీ సరిపోతే తెలుగుకు 13 పెట్టండి.

ఊరి పేరును బట్టి కూడా కొలత మారుతుంది. "విజయనగరం"లో ఒక్క వత్తు కూడా లేదు, పట్టీలో చక్కగా కూర్చుంటుంది. "శ్రీకాకుళం"లో మొదటి అక్షరానికే పైన గుడి దీర్ఘం, కింద ర వత్తు. మొత్తం పేరులో ఎత్తయినది అదే, కాబట్టి కొలత "శ్రీ" నుంచి మొదలుపెట్టండి. "క్లబ్"లో ల వత్తు ఉంది. "ఫుట్‌బాల్" రాసేటప్పుడు ట పొల్లుకూ బాకూ మధ్య కంటికి కనపడని విడదీసే అక్షరం (ZWNJ) టైపు చేయకపోతే బ వత్తు కిందికి జారి "ఫుట్బాల్" అయిపోతుంది.

గుండ్రటి పట్టీలో పై సగంలో రాసిన పేరుకు వత్తులు కేంద్రం వైపు ఉంటాయి. అక్కడ చుట్టుకొలత తక్కువ కనుక పక్కపక్క వత్తులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. కింది సగంలో దీనికి తిరగబడి గుడులు కేంద్రం వైపు ఇరుకవుతాయి, వత్తులు వెళ్లి బయటి గీతకు తగులుతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వంపును అలాగే వదలకుండా ఒక్కో అక్షరాన్నీ చేత్తో జరపండి. వత్తున్న పేరును పైనా, వత్తు లేని పేరును కిందా పెట్టగలిగితే మేలు.

ఫాంటు కొనక్కర్లేదు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పేరుతో ఉన్న "గిడుగు", దాంతోపాటు "రామభద్ర" రెండూ స్వేచ్ఛగా వాడుకోదగ్గవి, శీర్షికలకు చేసినవి. పాత బ్యాడ్జి మీద పెయింటరు చేతిరాత ఉంటే మాత్రం ఏ ఫాంటూ దానికి సాటిరాదు. ఆ అక్షరాలనే శుభ్రంగా తిరగగీయించండి. ఫైలు బయటికి పంపే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చాలి. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా ఉండేవి యూనికోడ్ కాని అను ఫాంట్లు. మీ యూనికోడ్ ఫైలు అక్కడ తెరిస్తే ఫాంటు మారిపోతుంది, పాత వెర్షన్లలో వత్తు విడిపోయి పక్కకు పోతుంది.

కుట్టుకు, అచ్చుకు

డిజైను ఖాయం చేసే ముందే కుట్టించి చూడండి. తర్వాత కాదు. ఎంబ్రాయిడరీలో గీత 1 మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే నిలవదు. రెండు రంగుల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి, లేకపోతే దారాలు కలిసిపోతాయి. ఇంగ్లీషు అక్షరం 5 మిల్లీమీటర్ల ఎత్తులో చదవొచ్చు, తెలుగు అక్షరం వత్తు కాకుండా 7 అయినా ఉండాలి. సూర్యకిరణాల కొసలు మొనదేలి ఉంటే మిషన్ అక్కడే పదేపదే గుచ్చి గుడ్డకు చిల్లు పెడుతుంది, కొసలు కాస్త మొద్దుగా కత్తిరించండి. నిగనిగలాడే శాటిన్ కుట్టు 7 మిల్లీమీటర్ల వెడల్పు దాటితే దారం వదులై గోళ్లకు, గుండీలకు తగులుకుంటుంది, వెడల్పు భాగాలకు నింపుడు కుట్టు చెప్పండి.

కుట్టు గుడ్డను లాగుతుంది, దాంతో గుండ్రం కోడిగుడ్డు ఆకారమవుతుంది. డిజిటైజింగ్ చేసేవారిని (బొమ్మను కుట్టు ఫైలుగా మార్చేవారిని) కుట్టు దిక్కులో 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా అదనం ఇవ్వమనండి. పలచటి డ్రైఫిట్ గుడ్డ మీద నేరుగా కుట్టిస్తే చుట్టూ ముడతలు పడతాయి, వెనక కత్తిరించే రకం బ్యాకింగ్ వేయించండి. నిండా కుట్టిన 8 సెంటీమీటర్ల బ్యాడ్జి అట్టలా బిగుసుకుపోయి, చెమటలో ఛాతీని గీరుకుంటుంది. ఆడే జెర్సీకి నేసిన బ్యాడ్జి గానీ సబ్లిమేషన్ (వేడితో రంగును గుడ్డలోకి ఎక్కించే అచ్చు) గానీ మంచిది, ఎంబ్రాయిడరీని ట్రాక్‌సూటుకూ టోపీకీ ఉంచండి. నేతలో చిన్న అక్షరాలు కూడా బాగా వస్తాయి.

సబ్లిమేషన్ తెల్లని, లేతరంగు పాలిస్టరు మీదే పడుతుంది. నూలు గుడ్డ మీద నిలవదు. ఎర్ర పాలిస్టరు జెర్సీ మీద తెల్ల బ్యాడ్జిని వేడితో అతికిస్తే కొన్ని రోజులకు తెలుపు గులాబీ రంగుకు తిరుగుతుంది. వేడికి గుడ్డలోని రంగు ఆవిరై పైకి పాకడమే కారణం. రంగు పాకకుండా అడ్డుపొర ఉన్న బ్యాడ్జి అడగండి, తక్కువ వేడిలో అతికించమనండి.

నమూనా జెర్సీని పదిసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. రబ్బరు స్టాంపుకు నిండు నలుపు లేని గీతల రూపం విడిగా గీయించుకోండి, నిండుగా ఉంటే సిరా ముద్ద కడుతుంది. వాట్సాప్ డీపీ గుండ్రంగా కత్తిరిస్తుంది కనుక డాలు ఆకారపు బ్యాడ్జికి మూలలు తెగిపోతాయి. దానికీ ఓ రూపం కావాలి, చాలాసార్లు బురుజు ఒక్కటే సరిపోతుంది.

రంగును "మెరూన్" అని మాటల్లో చెప్పకండి. పాంటోన్ (రంగుల ప్రామాణిక పట్టిక) సంఖ్య, ఫ్లెక్సీకి సీఎంవైకే విలువలు, తెరకు ఆర్‌జీబీ విలువలు, దారం కంపెనీ షేడ్ నంబరు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద రాసి పెట్టండి. దారాన్ని కంప్యూటర్ తెర మీద ఎంచుకోవద్దు. షేడ్ కార్డు తెప్పించి, పాత జెర్సీ అంచు మడత పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి.

చూపించండి, ఓటు పెట్టండి

లీడ్స్ పది వేల మందిని అడిగింది, అయినా బొమ్మ బయటికొచ్చాకే జనం భగ్గుమన్నారు. అందుకని మాటలతో అడిగి ఊరుకోకుండా బొమ్మ చూపించండి. ఎవర్టన్ 2013లో తన లాటిన్ ఆదర్శవాక్యాన్ని తీసేసిన బ్యాడ్జి తెస్తే 20 వేల మందికి పైగా నిరసన సంతకాలు చేశారు. క్లబ్ క్షమాపణ చెప్పి, మూడు నమూనాలు గీయించి అభిమానులతో ఓటు వేయించింది. గెలిచిన దాంట్లో ఆ వాక్యం తిరిగి వచ్చింది. అట్లెటికో మాడ్రిడ్ 2017లో మార్చిన బ్యాడ్జిని 2023 ఓటింగులో ఓటేసిన సభ్యుల్లో 88 శాతానికి పైగా వద్దన్నారు, 2024 జులైలో పాతది మళ్లీ జెర్సీ మీదికి వచ్చింది.

మీ ఓటులో మూడు నమూనాలకు మించి పెట్టకండి. "ఇప్పటిదే ఉంచండి" అన్న ఎంపిక తప్పనిసరిగా ఉండాలి. ఫోనులో చూపించకుండా, నమూనా జెర్సీలు వేసుకున్న ఆటగాళ్లను ఎండలో పదిహేను మీటర్ల దూరంలో నిలబెట్టి చూపించండి. పాతదీ కొత్తదీ ఒకే పరిమాణంలో పక్కపక్కన ఉండాలి. మూడింట రెండు వంతుల మద్దతు రాకపోతే పాతదాన్నే శుభ్రం చేసుకుని వాడుకోండి.

కాగితాలు

సొసైటీ నిబంధనావళిలో చిహ్నం వర్ణన ఉంటే సర్వసభ్య సమావేశం తీర్మానం కావాలి. లేకపోయినా తీర్మానం చేసి మినిట్స్‌లో బొమ్మ అతికించండి. గీసిన కళాకారుడికి డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీది కాదు. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది, కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని స్పష్టంగా రాయించండి. ఆర్సెనల్ తన పాత బ్యాడ్జి ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో కచ్చితంగా చూపలేక, దాని మీద కాపీరైట్ దక్కించుకోలేక 2002లో బ్యాడ్జినే మార్చుకోవాల్సి వచ్చింది. ఒక కళాశాల నుంచో జమీందారీ చిహ్నం నుంచో అరువు తెచ్చుకున్న బొమ్మలున్న క్లబ్బులు ఇది గుర్తుంచుకోవాలి. అనుమతి పత్రం అడిగి తీసుకోండి.

ట్రేడ్‌మార్కు కావాలంటే దుస్తులకు 25వ తరగతి, క్రీడా కార్యక్రమాలకు 41వ తరగతి. ఆన్‌లైన్ రుసుము తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. సొసైటీగా నమోదైన క్లబ్ మామూలుగా రెండో కోవలోకి వస్తుంది. దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో వచ్చాక అభ్యంతరాలకు నాలుగు నెలలు. రిజిస్ట్రేషన్ పదేళ్లకు, తర్వాత పునరుద్ధరించుకోవాలి. జెర్సీలు అమ్మని చిన్న క్లబ్బుకు ఇది వెంటనే అక్కర్లేదు, బదిలీ పత్రం మాత్రం మొదటి రోజే కావాలి.

జెర్సీ మీదికి

సీజను మధ్యలో మార్చకండి. పిల్లల దగ్గరున్న పాత జెర్సీలు చిరిగే వరకు వేసుకోనివ్వండి, శిక్షణకు అవి చాలు. ఎక్కువసార్లు చేతులు మారే లెటర్‌హెడ్, స్టాంపు, బ్యానర్లు మాత్రం ఒకే రోజున మార్చేయండి, లేదంటే రెండు బ్యాడ్జిలూ ఏళ్ల తరబడి పక్కపక్కనే తిరుగుతాయి.

సీడీఆర్, ఎస్‌వీజీ, పీడీఎఫ్, పారదర్శకమైన పీఎన్‌జీ, కుట్టుకు డీఎస్‌టీ ఫైళ్లు, రంగుల కాగితం, పాత బ్యాడ్జిల స్కాన్లు అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి, కార్యదర్శి సొంత ఈమెయిల్లో కాకుండా క్లబ్ పేరున ఉన్న ఖాతాలో ఉంచండి. పెన్‌డ్రైవ్ మీద ఒక ప్రతి, మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో. దుకాణం వాళ్లు లోగో అడిగినప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా వెళితే అది నలిగిపోతుంది. ఆర్డరు ఇచ్చిన ప్రతిసారీ ముందు ఒక్కటే కుట్టించి, స్కేలు పెట్టి 75 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలిచి, దారం షేడ్ నంబరు సరిచూసి, ఆ తర్వాతే మిగతావి మొదలుపెట్టమనండి.